గోడలకు చెవులే కాదు, కళ్లూ మొలిచాయి
పాలస్తీనా ఆక్రమిత ప్రాంతాలలో యంత్రాల పహరా

వెస్ట్‌బ్యాంక్‌లోని ఒక యూదు సెటిల్మెంటులో భవన నిర్మాణ పనికి వెళ్లే పాలస్తీనా కార్మికుడు ఒకరు 2017 అక్టోబరులో బుల్డోజరుకు ఆనుకుని నిలబడి ఫోటో తీయించుకుని ఫేస్‌బుక్‌లో పెట్టారు. దాని కింద అరబ్బీలో శుభోదయం చెబుతూ ఒక మాట రాశారు. అనువాద యంత్రం ఆ మాటను హీబ్రూలోకి 'వారిపై దాడి చేయండి' అని తర్జుమా చేసింది. ఇజ్రాయెల్ పోలీసులు వచ్చి ఆయనను అదుపులోకి తీసుకున్నారు. కొన్ని గంటలు ప్రశ్నించాక పొరపాటు తెలిసి విడిచిపెట్టారు. అరెస్టుకు ముందు అరబ్బీ తెలిసిన అధికారి ఒక్కరైనా ఆ మాటను చదివి చూడలేదు. ఫేస్‌బుక్ సంస్థ ఆ తరువాత క్షమాపణ చెప్పుకుంది.

వినడానికి ఇది చిన్న ఉదంతమే. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. అయితే ఇందులో రెండు సంగతులు దాగి ఉన్నాయి. ఒక మామూలు కూలీ తోటివారికి చెప్పుకున్న పలకరింపును సైతం ఎవరో గమనిస్తున్నారన్నది మొదటిది. యంత్రం చెప్పిన మాటను ముందు నమ్మి, మనిషి చెప్పే మాటను ఆ తరువాత విన్నారన్నది రెండవది. ఆక్రమిత ప్రాంతాలలో ఇరవై అయిదేళ్లుగా విస్తరిస్తున్న నిఘా వ్యవస్థ యావత్తూ ఈ రెండు సంగతుల మీదనే నిలబడి ఉంది.

రిజిస్టరుతో మొదలు

నిఘా కంప్యూటర్లతో మొదలు కాలేదు. కాగితంతో మొదలైంది. 1967 జూన్ యుద్ధంలో వెస్ట్‌బ్యాంక్‌ను, గాజాను, తూర్పు జెరూసలెంను స్వాధీనం చేసుకున్న ఇజ్రాయెల్ ఆ ఏడాదే అక్కడ జనాభా లెక్కలు తీసింది. ఆనాడు ఇంట్లో ఉన్నవారు రిజిస్టరుకు ఎక్కారు. చదువుకో, ఉద్యోగానికో, యుద్ధ భయానికో ఊరు దాటి ఉన్నవారి పేర్లు ఎక్కలేదు. రిజిస్టరులో పేరున్న వారికే గుర్తింపు కార్డు, కార్డున్న వారికే నివాస హక్కు అన్నది నియమమైంది.

1990 దశకంలో కుదిరిన ఓస్లో ఒప్పందాల తరువాత కార్డులు ముద్రించే బాధ్యత పాలస్తీనా పాలనా సంస్థకు వచ్చింది. కానీ జనాభా రిజిస్టరుపై చివరి మాట ఇజ్రాయెల్‌దే. ఇజ్రాయెల్‌లో కూలికి వెళ్లాలన్నా, జెరూసలెంలోని ఆసుపత్రిలో చూపించుకోవాలన్నా వెస్ట్‌బ్యాంక్ వాసికి అనుమతి పత్రం కావాలి. ప్రతి దరఖాస్తుతోపాటు ఒక ఫైలు తయారవుతుంది. ఆ ఫైలులో కుటుంబం, పని, రోగం, అప్పు అన్నీ చేరతాయి.

ఈ సమాచారం దేనికి వాడుతున్నారో ఆ పనిలో ఉన్నవారే 2014 సెప్టెంబరులో బయటపెట్టారు. ఇజ్రాయెల్ సైన్యంలో సంభాషణలను ఆలకించే 8200 విభాగానికి చెందిన 43 మంది రిజర్వు సైనికులు ఇకపై పాలస్తీనీయులపై నిఘా పనిలో పాల్గొనబోమంటూ ప్రధానికి, సైన్యాధిపతికి లేఖ రాశారు. హింసతో ఏ సంబంధమూ లేనివారి రహస్యాలను సేకరించి, వారిని ఇన్‌ఫార్మర్లుగా మార్చడానికీ, పాలస్తీనా సమాజంలో చీలికలు తేవడానికీ వాడుతున్నారని వారు అందులో ఆరోపించారు. ఆ ఆరోపణలను ప్రభుత్వం తోసిపుచ్చింది. లేఖపై సంతకం చేసినవారిని సైన్యం ఆ విభాగం నుంచి తొలగించింది.

హెబ్రాన్‌లో 'తోడేళ్లు'

ఈ వ్యవస్థ ఎంత దూరం వెళ్లగలదో తెలుసుకోవాలంటే హెబ్రాన్ నగరాన్ని చూడాలి. 1994 ఫిబ్రవరిలో ఒక యూదు సెటిలరు అక్కడి ఇబ్రహీమీ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. దాడి చేసినవాడు సెటిలరే అయినా, ఆ తరువాత ఆంక్షల బరువు పడింది మాత్రం పాలస్తీనీయుల పైనే. నగరానికి గుండెకాయ వంటి షుహదా వీధిలో దుకాణాలు క్రమంగా మూతపడ్డాయి. 1997లో కుదిరిన ఒప్పందం నగరాన్ని రెండుగా విభజించింది. ఇజ్రాయెల్ సైన్యం అధీనంలో మిగిలిన భాగంలో 30 వేల మందికి పైగా పాలస్తీనీయులు, వారి మధ్య కొన్ని వందల మంది సెటిలర్లు నివసిస్తున్నారు. ఒకే వీధిలో సెటిలరుకు ఇజ్రాయెల్ పౌర చట్టం వర్తిస్తుంది. ఇరుగింటి పాలస్తీనీయునికి సైనిక చట్టం వర్తిస్తుంది.

ఇక్కడి సైనికుల చేతికి 'బ్లూ వోల్ఫ్' అనే ఫోన్ అప్లికేషను ఇచ్చారని 2021 నవంబరులో అమెరికా పత్రిక వాషింగ్టన్ పోస్ట్ వెల్లడించింది. సైనికుడు దారిన పోయే వ్యక్తి ముఖాన్ని ఫోటో తీస్తాడు. అది సైన్యం వద్ద ఉన్న సమాచార భాండాగారంలోని చిత్రాలతో సరిపోలుతుందేమో యంత్రం చూస్తుంది. ఆ వ్యక్తిని వదిలిపెట్టాలా, ఆపి ఉంచాలా, అరెస్టు చేయాలా అన్నది ఫోన్ తెరపై రంగు రూపంలో కనిపిస్తుంది. భాండాగారాన్ని నింపడానికి పిల్లలనూ వృద్ధులనూ కూడా ఫోటోలు తీశారనీ, ఎక్కువ ఫోటోలు తీసిన దళానికి ఒక రాత్రి విశ్రాంతి వంటి బహుమతులు ప్రకటించారనీ మాజీ సైనికులు ఆ పత్రికకు చెప్పారు. అది పాలస్తీనీయుల కోసం సైన్యం రహస్యంగా నడిపే 'ఫేస్‌బుక్' వంటిదని వారిలో ఒకరు అభివర్ణించారు. సెటిల్మెంట్లలో కాపలా కాసే వాలంటీర్ల కోసం 'వైట్ వోల్ఫ్' అనే మరో అప్లికేషను ఉన్నట్టు కూడా ఆ కథనం పేర్కొన్నది.

2023 మే నెలలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ విడుదల చేసిన నివేదికలో మూడో తోడేలు పేరు బయటికి వచ్చింది. అది 'రెడ్ వోల్ఫ్'. దీనికి సైనికుడు ఫోటో తీయవలసిన అవసరం కూడా లేదు. చెక్‌పోస్టులో ఇనుప గేటు దాటే వ్యక్తి ముఖాన్ని కెమెరాయే చదువుతుంది. భాండాగారంలో లేని ముఖమైతే అక్కడికక్కడే చేర్చుకుంటుంది. అందుకు ఎవరి అంగీకారమూ అడగరు. యంత్రం గుర్తించని మనిషిని సొంత ఇంటికి వెళ్లే దారిలోనే ఆపివేయవచ్చు. ఏళ్ల తరబడి ఆ దారిన నడిచే మనిషి సైనికునికి ముఖపరిచయమున్నా, తెర ఒప్పుకోనిదే గేటు తెరుచుకోదు.

2022 సెప్టెంబరులో షుహదా వీధి చెక్‌పోస్టుపై దూరం నుంచి నడిపే ఆయుధాన్ని అమర్చారు. గురి చూడడంలో యంత్రమే సాయపడే ఈ పరికరం బాష్పవాయు గోళాలను, స్పాంజి తూటాలను, శబ్దంతో బెదరగొట్టే గ్రెనేడ్లను పేల్చగలదు. జనసమూహాలను చెదరగొట్టే పద్ధతులను పరిశీలించడానికే దీనిని పెట్టామనీ, ప్రాణాంతకమైన తూటాలు వాడబోమనీ సైన్యం అప్పట్లో తెలిపింది.

ఇంటి లోపలికీ తొంగిచూపు

తూర్పు జెరూసలెంలో నిఘాకు పోలీసులు ప్రధానంగా కెమెరాలపై ఆధారపడుతున్నారు. పాత నగరంలోని ఇరుకు సందులలో 'మబాత్ 2000' పేరుతో 2000 సంవత్సరంలో ఏర్పాటు చేసిన కెమెరాలు వందల సంఖ్యకు పెరిగాయి. సిల్వాన్, షేక్ జర్రా వంటి పేటలలోనూ అవి విస్తరించాయి. ఈ రెండు పేటలూ పాలస్తీనా కుటుంబాలను ఇళ్ల నుంచి ఖాళీ చేయించే వివాదాలతో పేరు వినిపించినవే. పాత నగరంలోనూ షేక్ జర్రాలోనూ ప్రతి అయిదు మీటర్లకు ఒకటో రెండో కెమెరాలు కనిపించాయని ఆమ్నెస్టీ పరిశీలకులు నమోదు చేశారు.

పడకగదుల కిటికీలకు ఎదురుగానూ, మేడలపైనా కెమెరాలు ఉన్నందువల్ల సొంత ఇంట్లో సైతం స్త్రీలు తలపై వస్త్రం తీయడం లేదని స్థానికులు మానవ హక్కుల సంస్థలకు వివరించారు. చుట్టాల ఇళ్లకు రాకపోకలు తగ్గాయి. వీధిలో పిల్లలు ఆడుకోవడానికి తల్లులు జంకుతున్నారు. ఊరేగింపులో పాల్గొనాలన్నా, నలుగురితో కలిసి నిలబడాలన్నా ముఖం నమోదవుతుందన్న భయం ఉంది.

ఆ భయం నిరాధారమైనది కాదు. 2021 మే నెలలో అల్ అక్సా మసీదు ప్రాంగణంలో ఘర్షణలు జరిగినప్పుడు అనేకమంది పాలస్తీనీయుల ఫోన్లకు ఒక సందేశం వచ్చింది. 'అల్ అక్సాలో హింసలో పాల్గొన్నట్టు మిమ్మల్ని గుర్తించాము, మీ లెక్క తేలుస్తాము' అన్నది దాని సారాంశం. పంపినది ఇజ్రాయెల్ ఆంతరంగిక గూఢచారి సంస్థ షిన్ బెట్. ఘర్షణతో ఏ సంబంధమూ లేనివారికి కూడా ఆ సందేశం చేరింది. ఆ సమయంలో ఆ దరిదాపులలో వారి ఫోన్ ఉండడమే వారు చేసిన నేరం.

జేబులో ఉన్న గూఢచారి

ఫోన్ల విషయంలో ఒక వైపరీత్యాన్ని గమనించాలి. రేడియో తరంగాల కేటాయింపు ఇజ్రాయెల్ చేతిలో ఉన్నందున పాలస్తీనా కంపెనీలకు వెస్ట్‌బ్యాంక్‌లో మూడవ తరం సెల్‌ఫోన్ సేవలు ప్రారంభించే వీలు 2018 జనవరిలో గాని రాలేదు. గాజాకు అదీ దక్కలేదు. నాటికి ప్రపంచమంతా నాలుగవ తరం సేవలు పొందుతోంది. మాట్లాడుకోవడానికి పాతకాలపు సాధనాలు, ఆ మాటలు వినడానికి అత్యాధునిక సాధనాలు అన్న స్థితి ఏర్పడింది.

అనుమతి పత్రాల కోసం 2019లో ఇజ్రాయెల్ సైన్యం 'అల్ మునస్సిక్' అనే అప్లికేషను ప్రవేశపెట్టింది. కచేరీల ముందు బారులు తీరే బాధ తప్పుతుందన్నారు. కానీ ఫోన్ ఉన్న చోటు, కెమెరా, అందులోని ఫైళ్లు చూసేందుకు అంగీకరించాలన్నది అప్పట్లో దాని షరతులలో ఉండేది. 2020లో కరోనా కాలంలో కచేరీలు మూతపడినప్పుడు కూలీలకు మరో దారి లేకపోయింది. అంగీకరించకపోతే అనుమతి స్థితి తెలియదు, అది తెలియనిదే పని దొరకదు. ఆకలి ముందు అంగీకారానికి అర్థమేమిటన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది. దరిమిలా హక్కుల సంస్థలు న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి.

హక్కుల కోసం పోరాడే వారి ఫోన్లకూ రక్షణ లేదు. పాలస్తీనాకు చెందిన ఆరు పౌర సంస్థలను 2021 అక్టోబరులో ఇజ్రాయెల్ రక్షణ మంత్రి బెన్నీ గాంట్జ్ ఉగ్రవాద సంస్థలుగా ప్రకటించారు. కొద్ది రోజులకే ఆరుగురు పాలస్తీనా హక్కుల కార్యకర్తల ఫోన్లలో 'పెగాసస్' గూఢచారి సాఫ్ట్‌వేర్ చొరబడినట్టు ఫ్రంట్ లైన్ డిఫెండర్స్, సిటిజన్ ల్యాబ్, ఆమ్నెస్టీ సంస్థల పరీక్షలలో తేలింది. దానిని తయారు చేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓను అదే నవంబరులో అమెరికా వాణిజ్య శాఖ నిషిద్ధ జాబితాలో చేర్చింది.

గంటకు పది లక్షల సంభాషణలు

ఒక్కొక్కరి ఫోన్‌లో చొరబడడం పాత పద్ధతి. అందరి సంభాషణలనూ దాచిపెట్టి, అవసరమైనప్పుడు వెనక్కి వెళ్లి వినడం కొత్త పద్ధతి. 8200 విభాగం ఈ పనికి మైక్రోసాఫ్ట్ కంపెనీకి చెందిన 'అజూర్' కంప్యూటర్ కేంద్రాలను వాడుకుంటున్నదని 2025 ఆగస్టులో బ్రిటిష్ పత్రిక గార్డియన్, ఇజ్రాయెల్‌కు చెందిన ప్లస్ 972, లోకల్ కాల్ పత్రికలు సంయుక్తంగా వెల్లడించాయి. వెస్ట్‌బ్యాంక్, గాజాలలోని సంభాషణలు ఐరోపాలోని యంత్రాలలో నిల్వ అయ్యాయనీ, 'గంటకు పది లక్షల కాల్స్' అన్నది ఆ విభాగంలో నినాదంగా మారిందనీ ఆ కథనాలు తెలిపాయి.

ఈ వ్యవహారంలో తెలుగువారికి తెలిసిన పేరు ఒకటి ఉంది. హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి. 8200 విభాగం నాటి అధిపతి 2021 చివరలో ఆయనను కలిసి ఈ ఏర్పాటు గురించి చర్చించారని ఆ పత్రికలు రాశాయి. ఎటువంటి సమాచారం నిల్వ చేయబోతున్నారో నాదెళ్లకు తెలియదని సంస్థ వివరణ ఇచ్చింది. సంస్థ ఉద్యోగులు కొందరు నిరసన తెలిపారు. వారిలో పలువురు ఉద్యోగాలు కోల్పోయారు. చివరకు 2025 సెప్టెంబరు 25న సంస్థ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ ఒక ప్రకటన చేశారు. కథనంలోని కొన్ని అంశాలను బలపరిచే ఆధారాలు తమ విచారణలో కనిపించాయనీ, ఇజ్రాయెల్ రక్షణ శాఖలోని ఒక విభాగానికి కొన్ని సేవలను నిలిపివేశామనీ ఆయన తెలిపారు.

నిఘా నుంచి గురి వరకు

సేకరించిన సమాచారం చివరకు ఎక్కడికి చేరుతుందన్నది గాజా యుద్ధంలో బయటపడింది. ఎవరిని లక్ష్యం చేసుకోవాలో సూచించే 'లావెండర్' అనే వ్యవస్థ 37 వేల మంది పాలస్తీనీయుల పేర్లను అనుమానితులుగా గుర్తించిందని 2024 ఏప్రిల్‌లో ప్లస్ 972 పత్రిక రాసింది. ఆరుగురు గూఢచారి అధికారులు ఇచ్చిన సమాచారం ఆ కథనానికి ఆధారం. వంద పేర్లలో పది తప్పుగా ఉండవచ్చని తెలిసినా, ఒక్కో పేరును పరిశీలించడానికి అధికారి వెచ్చించిన సమయం దాదాపు 20 సెకన్లేనని వారు చెప్పారు. సైన్యం దీనిని ఖండించింది. అది వివరాలను సరిచూసుకునే సాధనం మాత్రమేననీ, ఉగ్రవాదులను గుర్తించే పనిని యంత్రానికి అప్పగించలేదనీ వివరించింది.

దక్షిణానికి తరలిపోతున్న జనం ముఖాలను సైతం కెమెరాలు చదివాయి. గాజా కవి మొసాబ్ అబూ తొహా భార్యాపిల్లలతో నడిచి వెళుతుండగా 2023 నవంబరులో సైనికులు పట్టుకున్నారు. ముఖాన్ని గుర్తించే యంత్రం వల్లనే ఆయన దొరికిపోయారనీ, ఆ యంత్రం కొందరిని తప్పుగా గుర్తించిన సందర్భాలున్నాయనీ న్యూయార్క్ టైమ్స్ 2024 మార్చిలో వెల్లడించింది. రెండు రోజుల నిర్బంధంలో తనను కొట్టారని అబూ తొహా చెప్పారు. ఆయనపై ఏ అభియోగమూ మోపకుండానే విడిచిపెట్టారు.

భద్రత దక్కిందా?

ఇదంతా ప్రజల ప్రాణరక్షణ కోసమేనన్నది ఇజ్రాయెల్ వాదన. ఆ వాదనకు చరిత్ర ఉంది. 2000లో మొదలైన రెండవ ఇంతిఫాదాలో బస్సులలోనూ, హోటళ్లలోనూ జరిగిన ఆత్మాహుతి దాడులు వందలాది పౌరులను బలిగొన్నాయి. గోడ, చెక్‌పోస్టులు, కెమెరాలు వచ్చాక అటువంటి దాడులు తగ్గాయని అధికారులు గుర్తు చేస్తారు. యంత్రాలుంటే సైనికులు ఇళ్లలో చొరబడవలసిన అవసరం తగ్గి, పాలస్తీనీయులకే మేలు జరుగుతుందని కూడా వారి వాదం.

అయితే 2023 అక్టోబరు 7 ఈ వాదనను పరీక్షకు నిలబెట్టింది. గాజా చుట్టూ 65 కిలోమీటర్ల పొడవున భూమి పైనా, భూమి లోపలా పరికరాలు అమర్చిన కంచె పూర్తయిందని 2021 డిసెంబరులో ఇజ్రాయెల్ ఘనంగా ప్రకటించింది. హమాస్ దళాలు చిన్న డ్రోన్లతో కెమెరాలను ధ్వంసం చేసి, బుల్డోజర్లతో ఆ కంచెను కూల్చి లోపలికి వచ్చాయి. సుమారు 1,200 మంది హతులయ్యారు. 251 మందిని బందీలుగా తీసుకుపోయారు. సరిహద్దులో తెరల ముందు కూర్చునే సైనిక యువతులు అనుమానాస్పద కదలికల గురించి ముందే హెచ్చరించినా పైవారు పట్టించుకోలేదని ఆ తరువాత బయటపడింది. అంటే యంత్రం చూడలేకపోలేదు. చూసినదాన్ని నమ్మదలచుకోలేదు. ఆపై సాగిన యుద్ధంలో 2025 అక్టోబరు నాటికి గాజాలో మృతుల సంఖ్య 67 వేలు దాటిందని అక్కడి ఆరోగ్య శాఖ ప్రకటించింది.

బేరానికి వచ్చే అనుభవం

ఆక్రమిత ప్రాంతాలలో ప్రయోగించి చూసిన పరికరాలకు ప్రపంచ విపణిలో గిరాకీ ఉంది. 2024లో ఇజ్రాయెల్ రక్షణ ఎగుమతులు 1,400 కోట్ల డాలర్లు దాటాయి. ప్రధానమైన కొనుగోలుదారులలో భారత్ ఒకటి. 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించిన భారత్ 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు నెలకొల్పుకుంది. 2018 డిసెంబరులో హైదరాబాదులో అదానీ, ఎల్బిట్ సంస్థల ఉమ్మడి కర్మాగారం ప్రారంభమైంది. అక్కడ తయారయ్యేది నిఘాకు వాడే 'హెర్మెస్ 900' డ్రోన్. గాజా ప్రజలు తలపై నిరంతరం రొద చేసే డ్రోన్లను 'జన్నానా' అని పిలుచుకుంటారు.

పెగాసస్ వివాదం 2021 జూలైలో భారత్‌నూ కుదిపింది. నాటి ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం విచారణకు నిపుణుల సంఘాన్ని నియమించింది. పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించిందనీ, అది పెగాససేనని నిర్ధారణ కాలేదనీ, ప్రభుత్వం సహకరించలేదనీ 2022 ఆగస్టులో న్యాయస్థానం వెల్లడించింది. హైదరాబాదు పాతబస్తీలో 2021 లాక్‌డౌన్ వేళ పోలీసులు తనను ఆపి ఫోటో తీశారంటూ ఒక సామాజిక కార్యకర్త ముఖాలను గుర్తించే యంత్రాల వినియోగాన్ని తెలంగాణ హైకోర్టులో సవాలు చేశారు.

ఈ రెండు పరిస్థితులూ ఒకటి కావు. భారత పౌరునికి వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పౌరునికి వోటు ఉంది. తలుపు తట్టడానికి న్యాయస్థానం ఉంది. హెబ్రాన్ వాసి తనను పాలించే సైన్యాన్ని ఎన్నుకోలేడు, దించలేడు.

పాలస్తీనా ప్రాంతాలలో ఇజ్రాయెల్ కొనసాగడం చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలై 19న అభిప్రాయం వెలిబుచ్చింది. అది సలహా మాత్రమే. దానివల్ల చెక్‌పోస్టులో ఒక్క గేటు కూడా తెరుచుకోలేదు.

బుల్డోజరు ముందు ఫోటో దిగిన కూలీ విషయంలో యంత్రం చేసిన తప్పు పైకి కనిపించింది. రాసిన మాట అందరి ముందూ ఉంది గనుక అరబ్బీ తెలిసిన ఎవరైనా దిద్దగలిగారు. హెబ్రాన్ చెక్‌పోస్టులో సైనికుని తెరపై వెలిగే రంగును మాత్రం గేటు ముందు నిలబడిన మనిషికి ఎవరూ చూపించరు. ఆ రంగు ఎందుకు పడిందో చెప్పరు. అది తప్పయితే దిద్దమని అడగడానికి ఒక కచేరీ గాని, ఒక దరఖాస్తు గాని లేదు.